నెలలు నిండని బిడ్డకు 'సెంట్రల్ లైన్' ఎందుకు వేస్తారు? అల్ట్రాసౌండ్‌తో పనేంటి?

ఆకివీడులో ఏడో నెలకే కాన్పు అయితే బిడ్డను భీమవరమో, కైకలూరు మీదుగా కొల్లేరు దాటి ఏలూరో తీసుకెళ్తుంటారు. ఐసీయూలో చేర్చాక డాక్టర్లు అడిగే సంతకాల్లో 'సెంట్రల్ లైన్' ఒకటి. ఆ మాట వినగానే చాలా కుటుంబాలు హడలిపోతాయి.

కిలో బరువున్న బిడ్డ ఒంట్లో మొత్తం రక్తం 80 నుంచి 100 మిల్లీలీటర్లే. అంటే ఒక చిన్న టీ గ్లాసుడు. చేతి నరాలు దారప్పోగుల్లా ఉంటాయి. సెలైన్ సూది పెట్టినా ఒకట్రెండు రోజుల్లో వాచిపోతుంది. పైగా పాలు తాగలేని బిడ్డకు ఎక్కించే చిక్కటి పోషక ద్రవాలు, బీపీ మందులు చిన్న నరంలోకి వెళ్తే చర్మం కాలినట్టు అయిపోతుంది. 12.5 శాతం దాటిన గ్లూకోజ్‌ను చేతి నరంలోకి ఎక్కించరు. అందుకే గుండె దగ్గరున్న పెద్ద సిర దాకా సన్నటి ట్యూబు పంపిస్తారు. అదే సెంట్రల్ లైన్.

పుట్టిన కొత్తలో సులువైన దారి బొడ్డుతాడే. అందులోని సిర కొద్ది రోజులే పనికొస్తుంది. కాబట్టి బొడ్డుకు పసుపు, బూడిద, నూనె లాంటివేవీ రాయొద్దు. ఆ తర్వాత చేతి నుంచో కాలి నుంచో పంపే పిక్ లైన్ వాడతారు. కొన్నిటి మందం మిల్లీమీటరులో మూడో వంతే! అదీ కుదరకపోతే కాలర్ ఎముక పైనుంచి పెద్ద సిరలోకి వెళ్తారు. అల్ట్రాసౌండ్ అసలు అవసరం ఇక్కడే. చిన్న ప్రోబ్ ఆనిస్తే సిర, సూది మొన రెండూ తెరపై కనిపిస్తాయి. గుడ్డిగా గుచ్చే పని ఉండదు. అయితే చేయి తిరిగిన డాక్టర్ ఉండాల్సిందే.

ట్యూబు వేశాక అది ఎక్కడ ఆగిందన్నది ఇంకా ముఖ్యం. ఎక్స్‌రేలో వెన్నుపూసల నీడను బట్టి అంచనా వేస్తారు. అల్ట్రాసౌండ్‌లో కొసను నేరుగా చూడొచ్చు, రేడియేషన్ కూడా ఉండదు. బిడ్డ చేయి కదిపితే కొస జరుగుతుంది. గుండెలోకి జారితే అరుదుగా గుండె చుట్టూ ద్రవం చేరి ప్రాణం మీదకు వస్తుంది. బిడ్డ ఉన్నట్టుండి నీరసించిపోతే మంచం దగ్గరే స్కాన్ చేసి కారణం పట్టుకోవచ్చు.

ఇందులో చట్టం కోణమూ ఉంది. లింగ నిర్ధారణను అడ్డుకోవడానికి తెచ్చిన 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద ఐసీయూలోని స్కానింగ్ మిషన్‌కూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పుట్టేసిన బిడ్డకు లింగ నిర్ధారణ ఏంటని అనిపించొచ్చు. కానీ అదే మిషన్‌తో గర్భిణికీ స్కాన్ చేయొచ్చు కదా!

లైన్ ఎన్నాళ్లుంటే ఇన్ఫెక్షన్, రక్తం గడ్డకట్టే ముప్పు అంత ఎక్కువ. సంతకం పెట్టేముందు 'కొస ఎక్కడుందో ఎలా చూస్తారు?' అని అడగండి. ఆ తర్వాత రోజూ 'లైన్ ఇంకా అవసరమా, ఎప్పుడు తీస్తారు?' అని అడగొచ్చు. పాలు అరగడం మొదలై సెలైన్ అవసరం తగ్గితే డాక్టర్లే తీసేస్తారు.