తెలిసి వరించిన వియోగం: పర్ణశాల నుండి భద్రగిరి వరకు

ఖమ్మం మైదానాలు ముగిసి దండకారణ్యపు అంచు ఆరంభమయ్యే గౌతమీ తీరాన రెండు రామక్షేత్రాలు వెలసి ఉన్నాయి. ఒకటి భద్రాచలం. రెండవది అక్కడికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, దుమ్ముగూడెం మండలంలో ఉన్న పర్ణశాల. 2016లో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో నేడు ఇవి భాగాలు. అంతకు పూర్వం ఖమ్మం జిల్లాలోనివి. భద్రగిరి పై చైత్ర శుద్ధ నవమినాడు సీతారాముల కల్యాణం జరుగుతుంది. పర్ణశాలలో సీతాపహరణ స్మృతి నిలిచి ఉంది. సంయోగ వియోగాలు రెండూ ఒకే నది ఒడ్డున కొలువుదీరాయి.

పర్ణశాలకు వచ్చిన యాత్రికులకు స్థానికులు సీతవాగును, జానకీదేవి నారచీరలు ఆరవేసిన గుర్తులని చెప్పే శిలలను చూపుతారు. భద్రాచలానికి సమీపంలోని ఏటపాకను జటాయువు నేలకొరిగిన స్థలంగా భావిస్తారు. పంచవటి నాసిక్ వద్ద ఉన్నదని మహారాష్ట్ర సంప్రదాయం. గోదావరి ఆద్యంతాలలో ఉన్న ప్రజలు ఇరువురూ ఆ కథను తమ నేలపైనే దర్శించుకున్నారు. కనుక ఇక్కడ విచారించవలసినది స్థలనిర్ణయం కాదు. ఆ పర్ణకుటీరంలో ఏమి జరిగిందన్న తత్త్వం.

వాల్మీకి మహర్షి చిత్రించిన రాముడు సీతను కోల్పోయి చెట్టునూ పుట్టనూ అడుగుతూ విలపిస్తాడు. ఆ శోకంలో నటన లేదు. అయినా భవిష్యత్తు నీడ అక్కడా పూర్తిగా లేకపోలేదు. పుట్టింట ఉన్నప్పుడే తనకు వనవాసం తప్పదని బ్రాహ్మణులు చెప్పారనీ, ఒక భిక్షుకి కూడా తల్లి ఎదుట ఆ మాటే పలికిందనీ అయోధ్యాకాండలో సీత రామునితో అంటుంది. తెలిసిన కష్టాన్ని తప్పించుకొనే ఉపాయం ఆమె వెదకలేదు. తన్ను వెంట తీసుకొనిపొమ్మని అర్థించడానికే ఆ జోస్యాన్ని వినియోగించుకున్నది.

ఉమామహేశ్వర సంవాద రూపమైన అధ్యాత్మ రామాయణం ఈ సూత్రాన్ని చివరివరకూ కొనసాగించింది. మునిపల్లె సుబ్రహ్మణ్యకవి కీర్తనల ద్వారా ఈ గ్రంథం తెలుగువారి ఇండ్లలో ప్రవేశించింది. ఇందులో సీత వాదం మరింత విచిత్రం: బ్రాహ్మణుల ముఖతః ఎన్నో రామాయణాలు విన్నాననీ, సీత లేకుండా రాముడు అడవికి వెళ్ళినట్లు వాటిలో ఎక్కడైనా ఉన్నదా అనీ ఆమె ప్రశ్నిస్తుంది. తమ కథ తనకు ముందే తెలుసునని ఆ ప్రశ్నతో ప్రకటించింది.

అరణ్యకాండలో రాముని వంతు వస్తుంది. రావణుడు భిక్షురూపంలో రాబోతున్నాడని ఏకాంతంలో జానకికి తెలిపి, ఛాయాసీతను కుటీరంలో నిలిపి, ఒక సంవత్సరం అగ్నిలో అదృశ్యంగా ఉండమని కోరతాడు. ఆమె అంగీకరిస్తుంది. ఈ రహస్యం లక్ష్మణునికైనా తెలియదు. ఉత్తరకాండలో మరొక ఏకాంతం ఉంది. స్వామిని వైకుంఠానికి రప్పించమని దేవతలు తన్ను ప్రార్థించారని సీత విన్నవిస్తుంది. తనకు సర్వమూ తెలుసునంటూ లోకాపవాదమనే మిషతో ఆమెను అడవికి పంపడం, ఇద్దరు కుమారులు జన్మించడం, శపథం చేసి ఆమె భూమిలో ప్రవేశించడం, తాను అనుసరించి రావడం, అన్నీ రాముడు ముందుగానే చెబుతాడు.

ఇక్కడ సాధకుని మనస్సులో సందేహం ఉదయించడం సహజం. అన్నీ తెలిసినవారి ప్రేమలో ప్రేమకు చోటెక్కడ? తిరిగి కలుస్తామని తెలిస్తే కన్నీటికి అర్థమేమిటి?

సమాధానం ఆ రెండు ఏకాంతాలలోనే ఉన్నది. భవిష్యత్తు తెలిసిన రాముడు దానిని సీతకు దాచలేదు. తెలుసుకున్న సీత దానిని తప్పించమని కోరలేదు. ఎడబాటు రాకముందే ఇరువురూ దానిని పంచుకున్నారు. సాధారణ దంపతులు దుఃఖం వచ్చిన తరువాత ఒకరినొకరు ఓదార్చుకుంటారు. వీరు లోకకార్యం కోసం రాబోయే దుఃఖాన్ని కలిసి స్వీకరించారు. జ్ఞానం ప్రేమను తగ్గించలేదు. అందులోని భయాన్ని మాత్రమే తొలగించింది. జ్ఞానోదయం తరువాత కూడా ప్రారబ్ధం, విడిచిన బాణంలా, తన వేగం తీరేవరకు సాగుతుందని వేదాంతులు చెబుతారు. అవతారమూర్తికి కర్మబంధం లేదు. అయినా జ్ఞాని ప్రారబ్ధాన్ని ఏ విధంగా అనుభవిస్తాడో, ఆయన తాను ధరించిన మానుషధర్మాన్ని ఆ విధంగానే సంపూర్ణంగా అనుభవించాడు.

భద్రాచల స్థలపురాణం ఈ భావానికే ముగింపు వాక్యం వంటిది. సీతాన్వేషణలో ఉన్న రాముడు తపస్వి అయిన భద్రునికి, జానకిని పొందిన తరువాత వచ్చి అనుగ్రహిస్తానని మాట ఇచ్చాడట. వెదకుతున్నవాడే పొందడం నిశ్చయమని పలికాడు. అవతార సమాప్తి అనంతరం చతుర్భుజుడై, వామాంకంపై సీతతో, లక్ష్మణ సమేతంగా వచ్చి ఆ మాట నిలుపుకున్నాడు. అందుకే ఇక్కడి మూర్తి వైకుంఠరాముడు. ముందుగా చూసిన వియోగాలన్నీ గడచిపోయిన తరువాతి సీతారాములు వీరు.

నేలకొండపల్లిలో జన్మించి పాల్వంచ పరగణాకు తహసీల్దారైన కంచెర్ల గోపన్న ఆ మూర్తికే ఆలయం కట్టించాడు. 1672 నుండి 1687 వరకు ఏలిన అబుల్ హసన్ తానీషా ప్రభుత్వం రాజధనం వినియోగించాడని ఆయనను గోల్కొండ చెరలో ఉంచింది. రామదాసుకు భవిష్యత్తు తెలియదు. విడుదల ఎన్నడో ఎరుగని ఆ చీకటిలో తన మాట రామునికి చెప్పమని సీతమ్మను వేడుకున్న కీర్తన నేటికీ ఆంధ్రుల కంఠాలలో నిలిచి ఉంది. ఎడబాటు ఎరిగిన తల్లి కనుకనే ఆ మొర ఆమెకు చేరుతుందని భక్తుని విశ్వాసం.

రేపు ఏమి జరుగుతుందో మానవుడు ఎరుగడు. ఎరిగిన ఇరువురు ఆ రేపటిని ప్రేమతో స్వీకరించిన చోటు పర్ణశాల. వారిని నమ్మి ఎరుగనివాడు నిలబడిన చోటు భద్రగిరి.