వికలాంగుల హక్కు, వారి భాష

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకలు గల మన సీమలో తెలుగు ఒక్కటే వినబడునని అనుకొనుట పొరపాటు. ఏలూరులో ఉర్దూ ఇంటి భాషగా గలవారున్నారు. ఎరుకలవారికి కుర్రు గలదు, ఎగువన బుట్టాయగూడెం మన్యములో కోయ గలదు. చెవిటివారి సైగయు భాషయే. ఈ యిండ్లలోని వికలాంగుల గోడు ఏ భాషలో వినబడవలెను?

1981 అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరము. ఆ యేటి జనగణనలో వికలాంగులను లెక్కించిరి గాని, 1991లో ఆ ప్రశ్ననే తీసివేసిరి. గేదెలను, కోళ్లను సహితము లెక్కించు దేశములో ఇది వింతయే! వికలాంగుల సంఘములు పోరాడిన మీదట 2001లో దానిని మరల చేర్చిరి. 1995 చట్టము 7 విధముల వైకల్యమును గుర్తింపగా, 2016 చట్టము 21 విధములను గుర్తించినది. వికలాంగుడు తాను కోరిన భాషలో, తనకు వీలైన రీతిలో చెప్పు సాక్ష్యమును నమోదు చేయుటకు ఏర్పాట్లుండవలెనని దాని 12వ సెక్షను చెప్పుచున్నది. అంధుల కొరకు భారతి బ్రెయిలీ 1951లోనే కుదిరినది. భారతీయ సంజ్ఞా భాషకు 3,000 పదముల ప్రభుత్వ నిఘంటువు 2018లో గాని రాలేదు.

మోషే నోటిమాంద్యము గలవాడు గనుక అహరోను అతని పక్షమున పలికెను. అయితే అహరోను పలికినవి మోషే చెప్పిన మాటలే.

కొన్ని యేండ్ల క్రిందట మేము కొల్లేటి లంక గ్రామపు యువకునొకనిని, పుట్టుచెవిటివానిని, వైకల్య ధ్రువపత్రము కొరకు ఒక ఆసుపత్రికి తీసికొనిపోతిమి. అతడు బడి యెరుగడు. వలకు, దోనెకు, కొరమేనుకు, ఆకలికి యింటిలో పుట్టిన సైగలే అతని భాష. బల్లయొద్ద కూర్చున్నాయన ప్రశ్నలన్నియు తల్లినే అడిగెను. ఏమి పని చేయును? పెండ్లి అయినదా? ఆమె చెప్పెను, ఆయన వ్రాసికొనెను. ఆయనను తప్పుపట్టనేల? దారిపొడుగున మేమును తల్లితోనే మాటలాడితిమి. వేదాంత కళాశాలలో గ్రీకు, హెబ్రీ నేర్చిన మేము, మా సంఘపు బిడ్డ సైగలు పది నేర్వలేదు.

తిరుగు బస్సులో అతడు మా చొక్కా పట్టి లాగి, వ్రేళ్లు ఆడించెను. మేము తల్లి వైపు చూచితిమి.

"మీరంతా నా గురించి ఏమనుకున్నారు అని అడుగుతున్నాడయ్యగారూ" అన్నదామె.