కంచరగాడిద తన్నిన బంతి: ‘గస్’ చలనచిత్రంలో పరదేశి కిక్కర్

వాల్ట్ డిస్నీ సంస్థ 1976లో విడుదల చేసిన ‘గస్’ పిల్లల హాస్యచిత్రంగానే గుర్తుండిపోయింది. దర్శకుడు విన్సెంట్ మెక్‌ఎవీటీ. యుగోస్లావియా నుంచి వచ్చిన ఒక కంచరగాడిద, అమెరికన్ వృత్తి ఫుట్‌బాల్‌లో ‘కాలిఫోర్నియా ఆటమ్స్’ అనే కల్పిత జట్టుకు కిక్కర్‌గా ఆడటమే ఇందులోని ఇతివృత్తం. జంతువుకు కిక్కర్ స్థానమే ఎందుకిచ్చారు? దాన్ని యూరప్ నుంచే ఎందుకు రప్పించారు? వీటికి సమాధానం చిత్రకథలో కంటే, అంతకుముందు పన్నెండేళ్ల క్రీడాచరిత్రలో దొరుకుతుంది.

తెలుగువారు ఫుట్‌బాల్ అని పిలుచుకునే ఆటను అమెరికన్లు సాకర్ అంటారు. వారి ఫుట్‌బాల్‌లో బంతిని ప్రధానంగా చేతులతో విసురుతారు, పట్టుకుంటారు, ఒడిసిపట్టి పరుగెత్తుతారు. ప్రత్యర్థి గీత దాటించిన టచ్‌డౌన్‌కు 6 పాయింట్లు. బంతిని గోల్‌స్తంభాల మధ్యగా తన్నితే లభించే ఫీల్డ్ గోల్‌కు 3. ఆ తన్నేవాడే కిక్కర్. తక్కినవారు ఒళ్లు హూనం చేసుకుంటూ ఆడుతుంటే, అతడు కొన్ని క్షణాలు మాత్రమే మైదానంలోకి వచ్చి వెళతాడు. ఆటలో ఉంటూనే ఆటకు వెలుపలివాడు.

1964 వరకు వృత్తి కిక్కర్లు బంతికి ఎదురుగా వచ్చి బూటు కొనతో తన్నేవారు. ఆ ఏడాది బఫెలో బిల్స్ జట్టులో చేరిన పీట్ గోగోలాక్, సాకర్ పద్ధతిలో పక్కనుంచి వచ్చి పాదం పైభాగంతో తన్నాడు. బుడాపెస్ట్‌లో పుట్టిన గోగోలాక్ కుటుంబం 1956 హంగేరీ తిరుగుబాటు అనంతరం దేశం విడిచి వచ్చింది. 1966లో అతడు ప్రత్యర్థి లీగ్‌లోని న్యూయార్క్ జయంట్స్‌కు మారడం, రెండు లీగ్‌ల మధ్య ఆటగాళ్ల కోసం సాగుతున్న పోటీని తీవ్రం చేసింది. అదే ఏడాది విలీన ఒప్పందం కుదిరింది. ఒక శరణార్థి పాదం అంత పెద్ద వ్యాపారాన్ని కదిలించడం విశేషమే. సైప్రస్‌లో పుట్టిన గారో యెప్రెమియన్ 1966లోనూ, నార్వేకు చెందిన యాన్ స్టెనెరుద్ 1967లోనూ ఈ ఆటలోకి వచ్చారు.

వారి నైపుణ్యాన్ని ఆట స్వీకరించింది. వారిని మాత్రం చాలాకాలం వేళాకోళంగానే చూసింది. 1973 జనవరిలో జరిగిన సూపర్‌బౌల్‌లో, అడ్డుకోబడిన తన కిక్ తిరిగి దొరకగా యెప్రెమియన్ దాన్ని చేత్తో విసరబోయాడు. అది జారి ప్రత్యర్థికి టచ్‌డౌన్‌గా మారింది. అతని జట్టు మయామి 14–7తో గెలిచినా, నేటికీ ఆ పొరపాటునే చెప్పుకుంటారు. చేతి ఆటలో పాదంవాడు నవ్వులపాలైన దృశ్యమది. 1974లో లీగ్ గోల్‌స్తంభాలను 10 గజాలు వెనక్కి జరిపి ఫీల్డ్ గోల్‌ను కష్టతరం చేసింది. ఆ తర్వాత రెండేళ్లకు గస్ వచ్చింది.

కనుక గస్ కేవలం వింత ఊహ కాదు. భాష రాని, ఒక్క పనే తెలిసిన, దూరదేశపు కిక్కర్ గురించి అప్పటికే ఉన్న పరిహాసాన్ని చిత్రం మరొక అడుగు ముందుకు నెట్టి, అతణ్ణి పశువుగానే నిలబెట్టింది. గస్‌ను మొదట ఆట విరామంలో ప్రేక్షకులను ఆకర్షించే ప్రదర్శన కోసమే రప్పిస్తారు. ఆటగాడి హోదా తర్వాతి మాట. అమెరికా సైనిక అకాడమీ జట్టుకు 1899 నుంచీ కంచరగాడిదే చిహ్నం. మైదానం అంచున నిలబెట్టే జంతువును గీత దాటించడమే చిత్రం చేసిన పని.

మానవీకరణ తీరు కూడా పరిశీలింపదగినది. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ (1853)లో జంతువులు మాట్లాడతాయి, మంత్రాంగం నడుపుతాయి. గస్ మాట్లాడదు. యజమాని ఆండీ కేక వేస్తే తన్నుతుంది. దానికి మనిషి హోదానిచ్చేది వాక్కు కాదు, జట్టులో స్థానం. అయినా ‘మిత్రభేదం’లోని సంజీవకుడు ఇక్కడ గుర్తుకు రాక మానడు. వర్తకుని బండి లాగిన ఆ ఎద్దు అడవిలో మిగిలిపోయి, పింగళకుడనే సింహపు కొలువులో ఆదరం పొంది, దమనకుని కుతంత్రానికి బలవుతుంది. శ్రమజీవియైన బయటివాడు కొలువులోకి వస్తే అసూయ పుట్టడం రెండుచోట్లా ఉంది. గస్‌ను అపహరించడానికి ఇద్దరు దొంగలు పడే పాట్లను చిత్రం హాస్యంగా చూపుతుంది. సూరి కథకు అటువంటి వెసులుబాటు లేదు.

అయితే చిత్రపు హాస్యం వెనుక ఉన్న సంకోచం పతాకసన్నివేశంలో బయటపడుతుంది. నిర్ణాయక కిక్ వేళ బురదలో గస్ కాలు జారుతుంది. స్వదేశంలో సాకర్ తారయైన అన్న నీడలో మిగిలిన ఆండీ, ఆ బంతిని చేతులతో అందుకుని పరుగెత్తి టచ్‌డౌన్ చేస్తాడు. అన్ని ఆటలూ పాదంతో గెలిపించిన చిత్రం, చివరి ఆటను మాత్రం మనిషి చేతులకే అప్పగించింది.