గీత ముందా, లెక్క ముందా: బోడో ఒప్పందాల్లో హద్దుల ప్రశ్న

ఈశాన్య భారతంలోని శాంతి ఒప్పందాల మీద తెలుగులో వచ్చే రాతలు చాలావరకు ఒకే పాట పాడతాయి. ఢిల్లీ మాట తప్పింది, నిధులు రాలేదు, అధికారాలు దిగలేదు, కుర్రాళ్లు మళ్లీ అడవి పట్టారు. అస్సాంలోని బోడో ఒప్పందాలను కూడా ఈ వరుసలోనే చుట్టేసి ముందుకు పోవడం అలవాటైపోయింది. ఈ పాటలో జవాబు దొరకని ప్రశ్న ఒకటుంది. 1993 ఒప్పందం మూడేళ్లు తిరక్కుండానే ఎందుకు చితికిపోయింది, 2003 ఒప్పందం ఎందుకు నిలబడింది? రెండుసార్లూ ఢిల్లీ అదే, దిస్‌పూర్ అదే, అడిగినవాళ్లూ బోడోలే. నేను చెప్పదలచింది ఒక్కటే. సాయుధ పోరాటం తర్వాత వచ్చే స్వయంపాలన నిలవడం, కూలడం అధికారాల జాబితా మీద ఆధారపడదు, హద్దు ఎలా గీశారన్నదాని మీద ఆధారపడుతుంది. హద్దును జనాభా లెక్కకు వదిలేస్తే, ఆ లెక్కను తమకు అనుకూలంగా మార్చుకునే పని తుపాకులు అందుకుంటాయి.

ఈ విషయంలో ఎదురుపడాల్సింది రాజకీయ శాస్త్రవేత్త సంజీబ్ బారువాకే. పౌరులు, వలస నివాసులు అన్న విభజనపై 2003లో ఆయన ప్రచురించిన వ్యాసం, ఆ తర్వాత వచ్చిన ‘డ్యూరబుల్ డిసార్డర్’ గ్రంథం ఈ రంగంలో దాదాపు స్మృతిగ్రంథాలైపోయాయి. ఆయన వాదన అందరికీ తెలిసిందే. రాజ్యాంగంలోని ఆరో షెడ్యూలు లాంటి రక్షణలను జాతుల మాతృభూములుగా విస్తరిస్తూ పోతే భూమి, ఉద్యోగం, పదవి ఒక వర్గానికే చెందుతాయి. తరాలుగా అక్కడే ఉంటున్న మిగతావాళ్లు రెండోరకం నివాసులవుతారు, నిర్వాసితులూ అక్కడినుంచే పుడతారు. వినడానికి పొందికగానే ఉంది. కానీ 1983 ఫిబ్రవరి 18న అస్సాంలోని నెల్లీలో జరిగిన ఊచకోతకు ఏ మాతృభూమి చట్టం కారణం? అక్కడ స్వయంపాలిత మండలి ఏదీ లేదు. ఓటర్ల జాబితా గొడవ ఉంది, అంటే లెక్క గొడవ. బారువా రోగాన్ని మాతృభూమి అన్న భావనలో వెతికారు. నాకు అది లెక్కింపు పద్ధతిలో కనిపిస్తోంది. ఆయన మందుగా సూచించిన ద్వంద్వ పౌరసత్వం సెమినారు గదుల్లో బాగుంటుంది. కోక్రాఝార్ భూ రికార్డుల కార్యాలయంలో దాన్ని అమలుచేసే గుమాస్తా ఎవరో నాకు తెలియదు.

బారువా భూమి గురించి చెప్పినదాన్ని కూడా చట్టం పక్కన పెట్టి చదవాలి. మన ఏజెన్సీలో 1/70 చట్టంతో పెరిగిన మనకు రక్షణ అంటే గిరిజనుడు, గిరిజనేతరుడు అన్న రెండు గడులే. అస్సాంలో అలా కాదు. 1886 నాటి అస్సాం భూమి, రెవెన్యూ రెగ్యులేషన్‌కు 1947లో చేర్చిన పదో అధ్యాయం గిరిజన బెల్టులు, బ్లాకులు ఏర్పరచింది. అక్కడ రక్షణ పొందే వర్గాల జాబితా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మైదాన గిరిజనులు, కొండ గిరిజనులతో పాటు తేయాకు తోటల గిరిజనులు, సంతాలులు, నేపాలీ సాగుదారు పశుపోషకులు, షెడ్యూల్డు కులాలు అందులో ఉన్నారు. అస్సాంలో సంతాలులకు నేటికీ షెడ్యూల్డు తెగ హోదా లేదు, అయినా బెల్టులో భూమి విషయంలో రక్షిత వర్గమే. అంటే పౌరుడు, వలస నివాసి అన్న రెండు అరలకు ఒదగని మనుషులు చట్టంలోనే ఉన్నారు. బారువా చట్రంలో వీళ్లకు చోటు లేదు.

ఇక 1993కు వద్దాం. ఫిబ్రవరి 20న సంతకాలయ్యాయి. (అదే తేదీన 1956లో మన పెద్దమనుషుల ఒప్పందం జరిగింది. కాకతాళీయమే అయినా తెలుగు పాఠకుడి కన్ను అక్కడ ఆగుతుంది.) అఖిల బోడో విద్యార్థి సంఘం, బోడో ప్రజా కార్యాచరణ సమితి పోరాటానికి బదులుగా బోడోలాండ్ స్వయంపాలిత మండలి వచ్చింది. సంకోశ్ నదికీ పస్నోయి నదికీ మధ్య నేల అని రాశారు గానీ గీత గీయలేదు. గిరిజనులు 50 శాతం, ఆ పైన ఉన్న ఊళ్లను భూ రికార్డుల అధికారులు పరిశీలించి చేర్చాలన్నారు. నేల తెగకుండా కలిసి ఉండటానికి అంతకన్నా తక్కువ ఉన్న ఊళ్లను కూడా చేర్చాలన్నారు. ఈ రెండు వాక్యాలు పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాని కాలు ఒకటి తొక్కుతూ. మొదటిదాన్ని పట్టుకుని అస్సాంలోని హితేశ్వర్ సైకియా ప్రభుత్వం 2,570 ఊళ్లు ఇచ్చింది. రెండోదాన్ని పట్టుకుని బోడో నాయకులు మరో 515 ఊళ్లు అడిగారు. అక్కడ బోడోలు మెజారిటీలో లేరని ప్రభుత్వం తలూపలేదు.

మెజారిటీ లేకపోవడమే అడ్డంకి అని ఒప్పందమే చెప్పినప్పుడు, మెజారిటీ తయారుచేయడమే దారి అని సాయుధులు అర్థం చేసుకోరా? 1994 జులైలో బార్‌పేట జిల్లా బాన్స్‌బారీ శిబిరంలో తలదాచుకున్న ముస్లింల మీద దాడి జరిగింది. 1996 మే నెలలో కోక్రాఝార్, బొంగాయిగావ్ జిల్లాల్లో సంతాలుల ఊళ్లు తగలబడ్డాయి. సుమారు రెండు లక్షల మంది శిబిరాలకు చేరారు, కొందరు ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయారు. రక్షిత వర్గాల జాబితాలో పక్కపక్కన నిలిచిన బోడో, సంతాలు 50 శాతం వాక్యంలో ఎదురెదురుగా నిలబడ్డారు. ఆ వాక్యం లేకపోతే ఈ మంటలు లేవని చెప్పడానికి నేను వెనకాడను.

2003 ఫిబ్రవరి 10న బోడో లిబరేషన్ టైగర్స్‌తో కుదిరిన ఒప్పందం ఇక్కడే దారి మార్చింది. ఊళ్ల సంఖ్యను ముందే 3,082 అని రాసేశారు. కోక్రాఝార్, చిరాంగ్, బక్సా, ఉదల్‌గురి అని నాలుగు జిల్లాలు కట్టారు. గొడవను హద్దు నుంచి కొత్త మండలి సభలోకి తెచ్చారు. 46 మంది సభ్యుల్లో 30 స్థానాలు షెడ్యూల్డు తెగలకు, 5 గిరిజనేతరులకు, 5 అందరికీ. మిగిలిన ఆరుగురిని ప్రాతినిధ్యం లేని వర్గాల నుంచి గవర్నరు నామినేట్ చేస్తారు, వాళ్లకూ ఓటుంటుంది. ఆరో షెడ్యూలులో చేర్చిన 3బి పేరా మండలికి భూమి మీద చట్టాలు చేసే అధికారమిస్తూనే, ఉన్న పౌరుడి భూమి హక్కును చెరపకూడదనీ, అర్హత ఉన్నవాడు వారసత్వంగానో బదిలీ ద్వారానో భూమి పొందడాన్ని అడ్డుకోకూడదనీ కట్టడి పెట్టింది. బారువా భయపడిన తలుపుకు చట్టం లోపలి నుంచే గడియ వేసింది. ఆ ఏడాది డిసెంబరు 6న కోక్రాఝార్‌లో 2,641 మంది ఆయుధాలు దించారు. దళనేత హగ్రామా మొహిలారీ మండలి అధినేత అయ్యాడు.

గిరిజనులు జనాభాలో మూడో వంతే ఉన్నచోట ఎన్నికయ్యే నలభైలో ముప్పై స్థానాలు వాళ్లకే ఇవ్వడం అన్యాయం కాదా అని అడుగుతారు. అన్యాయమే కావచ్చు. కానీ అందరికీ ముందే తెలిసిన అన్యాయం అది, బేరమాడదగ్గది. చిరాంగ్, బొంగాయిగావ్ సరిహద్దులో మాట్లాడిన గావ్‌బూఢాల (ఊరి పెద్దల) దగ్గర నాకు ఈ తేడా తెలిసింది. తమ ఊరు మండలిలో ఉండటం మీద కోపమున్నవాళ్లూ, లేనందుకు బాధపడేవాళ్లూ ఇద్దరూ ఊరు ఎటు ఉందో ఠక్కున చెప్పారు. పట్టా కాగితానికి ఏ కార్యాలయానికి పోవాలో రోడ్డుకు ఈ పక్కన ఒక జవాబు, ఆ పక్కన ఇంకో జవాబు. సందేహం మాత్రం లేదు. 2014లో బోడోయేతరులు తమ కోపాన్ని కోక్రాఝార్ లోక్‌సభ ఎన్నికలో చూపించారు. స్వతంత్ర అభ్యర్థి నబ కుమార్ సరణియా మూడు లక్షలకు పైగా మెజారిటీతో గెలిచాడు. 2012 జులై అల్లర్లలో దాదాపు నాలుగు లక్షల మంది నిర్వాసితులు కావడం నా వాదనకు ఎదురు నిలుస్తుంది, అయితే అప్పుడు మండలి హద్దు అంగుళం కదలలేదు.

బయటి దేశాల్లోనూ ఇదే వరస. 2005 హెల్సింకి ఒప్పందం ఇండోనేషియాలోని అచే హద్దును 1956 జులై 1 నాటి హద్దుగా ఒక్క వాక్యంలో తేల్చేసింది. అక్కడ శాంతి నిలిచింది. సునామీ వల్లే అనేవాళ్లున్నారు గానీ, అదే సునామీ శ్రీలంకలో యుద్ధాన్ని ఆపలేదు. ఫిలిప్పీన్స్‌లో బంగ్సమోరో హద్దును 2019లో ఓటింగుకు పెట్టారు. వద్దన్న సులూ ప్రావిన్సును ఓట్లన్నీ కలిపి లెక్కగట్టి లోపలే ఉంచారు. చివరికి 2024లో ఆ దేశ సుప్రీంకోర్టు దాన్ని బయటికి తీసింది. హద్దు రాసుకున్న ఒప్పందం బతుకుతుంది, హద్దును లెక్కకు అప్పగించినది కోర్టుల పాలో కొరివి పాలో అవుతుంది. మన తెలంగాణ ప్రాంతీయ సంఘానికి హద్దు స్పష్టంగానే ఉండి కూడా నిలవలేదు, కాకపోతే అది తుపాకులు దించిన ఒప్పందం కాదు.

2003 పత్రంలోనే ఒక మూల పాత వాసన మిగిలింది. మరో 95 ఊళ్ల సంగతి ముగ్గురు ప్రతినిధుల కమిటీ మూడు నెలల్లో ఏకాభిప్రాయంతో తేల్చాలన్నారు. కొలబద్దల్లో మొదటిది మళ్లీ గిరిజన జనాభా 50 శాతానికి తగ్గకపోవడమే. 2020 జనవరి 27 ఒప్పందం ఆ మూలను నడి ఇంట్లోకి తెచ్చింది. పొరుగున ఉన్న గిరిజన మెజారిటీ ఊళ్లను చేర్చడానికీ, అంచున ఉన్న గిరిజనేతర మెజారిటీ ఊళ్లను తీసేయడానికీ ఒక కమిషన్ వేస్తామంది. బోడో సాయుధ సంస్థ ఎన్‌డీఎఫ్‌బీ ముఠాలన్నీ ఆయుధాలు దించిన సంబరంలో ఈ నిబంధనను ఎవరూ సరిగా చదవలేదు. మొదటి ఒప్పందాన్ని చంపిన వాక్యమే ఇది, ఈసారి రెండువైపులా పదునుతో. అంచు ఊళ్లలో ఎవరు ఉంటారు, ఎవరు పోతారు అన్న లెక్క మళ్లీ తెరుచుకుంది. దానికి విరుగుడు కాగలిగిన మాట కూడా ఆ ఒప్పందంలోనే ఉంది. సభను అరవై స్థానాల దాకా పెంచవచ్చన్నారు, అంటే వాటాల బేరం సభలోనే సాగించే వీలు. కానీ 2020 డిసెంబరులోనూ, 2025 సెప్టెంబరులోనూ ఎన్నికలు జరిగింది పాత నలభై స్థానాలకే.