పైచదువు పిలుపును తూచు విధము

గడచిన ఫాల్గుణ మాసమున నొకనాటి సాయంకాలము మా పూర్వ విద్యార్థిని యొకతె తన తండ్రితోను, నాయనమ్మతోను మా యింటికి వచ్చెను. ఆమె మా పాఠశాలలో చదివి, పిమ్మట రసాయనశాస్త్రమున ఎం.యస్సి. పట్టము పొంది, అమెరికాలోని మూడు విశ్వవిద్యాలయములకు దరఖాస్తులు పంపియుండెను. ఒకదానినుండి ప్రవేశము దొరికినది గాని ధనసహాయము లేదు. ఆ విశ్వవిద్యాలయము పేరు లోకమంతయు నెఱిగినదే. రెండవదాని పేరు మే మంతకుముందు విని యెఱుగము. అది డాక్టరు పట్టముకొఱకు చేర్చుకొని, ఫీజు రద్దుచేసి, బోధనలో సాయపడినందులకు నెలనెలకు భృతి యిత్తుమని వ్రాసినది. మూడవదానినుండి యింకను జవాబు లేదు.

తండ్రి తనకున్న రెండెకరములలో నొకటిన్నర యమ్మి కూతును మొదటిదానికే పంపుటకు సిద్ధముగా నుండెను. "పేరు గొప్పది గదా, మాస్టారూ! పొలము మఱల కొనుక్కోవచ్చును," అని యాయన యనెను. బాలిక తల వంచుకొని యూరకుండెను. నాయనమ్మ మాత్రము, "పోయినపిల్ల యెన్నాళ్లకు వచ్చునో ఆ కాగితములలో నెక్కడనైన వ్రాసినారా, నాయనా?" అని యడిగెను. ఎవ్వరును జవాబు చెప్పలేదు.

మేమును ఆ పూట జవాబు చెప్పలేకపోతిమి. వారము దినములు గడు వడిగి వారిని పంపివేసి, మన దేశమునుండి యిట్టి పిలుపు లందుకొని వెళ్లిన పూర్వుల చరిత్రలను మఱల తిరుగవేసితిమి. ప్రవేశము వేఱు, పోషణము వేఱు. ఈ రెంటి నడుమ నున్న యగాధమును దాటుటకు వారెట్టి వంతెనలు కట్టిరి? ఆ వంతెనల బరువు నెవరు మోసిరి? ఈ ప్రశ్నలకు దొరికిన సమాధానములనే యిట చదువరుల ముందుంచుచున్నాము.

మొదట చెప్పదగినది ఆనందీబాయి జోషి కథ. 1865లో పుట్టిన యీ మహారాష్ట్ర వనిత పదునాలుగేండ్ల ప్రాయమున బిడ్డను కని, పదిదినములలోనే పోగొట్టుకొనెను. స్త్రీలకు స్త్రీవైద్యులు లేని కొఱతను తీర్పవలెనను సంకల్ప మా దుఃఖమునుండి కలిగినది. ఆమె భర్త గోపాలరావు సాయము కోరుచు 1880లో ఒక అమెరికా మతప్రచారకునకు వ్రాసెను. క్రైస్తవమతము పుచ్చుకొన్నచో సాయము దొరకునన్నది వచ్చిన జవాబు. ఆ దంపతులు దాని కొడంబడలేదు. కాని యా యుత్తరప్రత్యుత్తరము లొక అమెరికా పత్రికలో పడగా, న్యూజెర్సీ రాష్ట్రములోని రోసెల్ గ్రామవాసిని థియోడీషియా కార్పెంటరు చదివి, ఏ నియమమును పెట్టక తన యింట చోటిత్తునని వ్రాసెను.

మొదటి లేఖకును ప్రయాణమునకును నడుమ మూడేండ్లు గడచినవి. 1883లో ఆనందీబాయి శ్రీరాంపూరు కళాశాలలో జరిగిన సభయందు తానేల వెళ్లుచున్నదో చెప్పి, హిందువుగనే వెళ్లి హిందువుగనే తిరిగివత్తునని ప్రకటించెను. ఫిలడెల్ఫియాలోని స్త్రీవైద్య కళాశాల యామెను చేర్చుకొనెను. 1886లో పట్టము పొంది స్వదేశమునకు మరలి, మఱుసటియేట ఫిబ్రవరిలో ఇరువదిరెండేండ్లయినను నిండకయే క్షయవ్యాధిచే మరణించెను. ఆమె జీవిత మల్పమైనను, ఆమె తూచిన తూనిక అల్పము కాదు. ధనము వచ్చుచున్నది సరే, దాని వెనుక నే నియమము వచ్చుచున్నది? ఇది మొదటి ప్రశ్న.

రెండవది శ్రీనివాస రామానుజము కథ. కుంభకోణము కళాశాలలో ఆంగ్లమున తప్పి విద్యార్థివేతనమును పోగొట్టుకొన్న యీ గణితజ్ఞుడు 1912లో మదరాసు పోర్టు ట్రస్టునందు నెలకు 30 రూపాయల గుమాస్తాగా చేరెను. 1913 జనవరిలో ఆయన కేంబ్రిడ్జిలోని హార్డీకి వ్రాసిన లేఖ సుప్రసిద్ధము. హార్డీ రమ్మని పిలిచినను ఆచారము సముద్రయానమున కడ్డు వచ్చెను. ఆ యేటి మే నెలనుండి మదరాసు విశ్వవిద్యాలయము, ఏ పట్టమును లేని యాయనకు నెలకు 75 రూపాయల పరిశోధక వేతన మిచ్చెను. ఇంటిపట్టున నుండి లెక్కలు చేసికొనుట కది చాలును. అయినను 1914 ఆరంభమున నెవిల్ అను కేంబ్రిడ్జి పండితుడు ఉపన్యాసములకై మదరాసునకు వచ్చి నచ్చజెప్పగా, రామానుజము ప్రయాణమునకు సమ్మతించెను.

ఇక ధనము మాట. విశ్వవిద్యాలయము ఏడాదికి 250 పౌనులు ఇచ్చుటకు తీర్మానించెను. ట్రినిటీ కళాశాల 60 పౌనులు చేర్చెను. ఇందులో మేము ముఖ్యముగా గమనింపవలసినదిగా తలచు నంశ మొకటి కలదు. ఆ 250 పౌనులలో 50 పౌనులు మన దేశమున నున్న యాయన కుటుంబపోషణకై వేఱుగా నేర్పఱుపబడెను. విద్యార్థి యొక్కడు కాడనియు, అతని వెనుక నొక తల్లియు నొక భార్యయు పొయ్యి రాజేయవలసిన యిల్లొకటి కలదనియు ఆ లెక్క వ్రాసిన వా రెఱిగిరి. మన విద్యానిధులలో నెన్నిటి కీ యెఱుక కలదు? విద్యార్థి పోయిన పిమ్మట ఇంటివా రెట్లు బ్రతుకుదురు? ఇది రెండవ ప్రశ్న.

మూడవది భీమరావు అంబేడ్కరు కథ. 1913లో బరోడా మహారాజగు సయాజీరావు గైక్వాడు ఆయనకు నెలకు పదునొకండున్నర పౌనుల చొప్పున మూడేండ్లకు వేతన మిచ్చి న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు పంపెను. చదువు ముగిసిన వెనుక పదేండ్లు బరోడా సంస్థానమున కొలువు చేయవలెనని యొడంబడిక. అంటరానివారని లోకము త్రోసిపుచ్చిన కులమున పుట్టిన వానికి తలుపు తెఱచిన దాత ధన్యుడే. ఆ ధనము లేక ఆ చదువు లేదు. అయినను కాలము మితమైనది. 1915లో ఎం.ఏ. పట్టము పొంది, 1916లో లండనునకు పోయి ఆర్థికశాస్త్రమును, న్యాయశాస్త్రమును ఆరంభింపగా, 1917లో వేతనపు గడువు తీరెను. చదువు నడుమ నాపి, ఆయన బరోడాకు రావలసివచ్చెను.

అచ్చట నేమి జరిగెను? ఉన్నతోద్యోగము దొరికెను గాని, తల దాచుకొనుట కిల్లు దొరకలేదు. కులము దాచి పార్సీల సత్రమున దిగిన యాయనను కఱ్ఱలు పట్టినవారు వచ్చి వెళ్లగొట్టిరి. వేతన మిచ్చిన ప్రభువు చదువునకు వెల కట్టగలిగెను గాని, ఆ చదువుకొన్నవాడు నివసింపదగిన యూరిని సృజింపలేకపోయెను. పిమ్మట ఆయన బొంబాయిలోని సిడెన్హాము కళాశాలలో ఆచార్యుడై, జీతములో మిగిల్చి, కొల్హాపురపు శాహూ మహారాజు సాయమును, ఒక మిత్రుని యప్పును తోడుచేసికొని, 1920లో మఱల లండనునకు పోయెను, 1923లో డి.యస్సి. పట్టము నందెను. ఆ సంవత్సరములలో ఆయన భార్య రమాబాయి బొంబాయిలో చాలని డబ్బుతో సంసార మీడ్చెను. వేతన మెన్నియేండ్లకు? చదువు నడుమ నది తెగినచో దారి యేమి? తిరిగివచ్చినపు డేమి కాచియుండును? ఇది మూడవ ప్రశ్న.

నాల్గవవాడు మనవాడే. 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మదరాసు వైద్యకళాశాలలో చదువుచు ఖద్దరు ధరించి, శస్త్రవైద్యాచార్యుని యాగ్రహమునకు గుఱియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో బయటపడెను. హార్వర్డు విశ్వవిద్యాలయమునందలి ఉష్ణమండల వైద్యశాల ఆయనకు ప్రవేశ మిచ్చెను గాని ధన మీయలేదు. మా విద్యార్థిని చేతనున్న మొదటి యుత్తరము సరిగా నిట్టిదే. కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకుల ధర్మసంస్థ యిచ్చిన మాటయు, మామగారి సొమ్మును ఆధారముగా 1922 అక్టోబరులో ఆయన బోస్టను చేరెను. అంతటి శాస్త్రజ్ఞుడు ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు కడిగి పొట్ట పోసికొనెను. 1925లో ఫిస్కుతో కలిసి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను, 1930లో పిహెచ్.డి. పొందెను. ఫోలిక్ ఆమ్లమును తయారుచేసిన లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకత్వము వహించి, 1948 ఆగస్టులో అచ్చటనే కన్నుమూసెను.

ఈ కీర్తికి మఱియొక పార్శ్వ మున్నది. గర్భవతియగు భార్య శేషగిరి మన దేశముననే నిలిచిపోయెను. పుట్టిన కుమారుని తండ్రి చూడనేలేదు. ఆ శిశువు ఏడాదియైన నిండకయే మరణించెను. సుబ్బారావు మఱల స్వదేశమునకు రాలేదు. ఆయన కనిపెట్టిన మందులచే బ్రతికిన తల్లు లెందఱో లెక్క లేదు. శేషగిరి నిరీక్షణమునకును లెక్క లేదు. ప్రవేశమునకును పోషణమునకును నడుమ నున్న లోటును ఎవరు పూరింతురు? ఇది నాల్గవ ప్రశ్న. లోటు కాగితముమీద డబ్బుగా కనబడును. సంసారములో నది తఱచుగా స్త్రీల జీవితకాలముగా చెల్లింపబడును.

ఇది గతించిన కాలపు ముచ్చట యని చదువరులు త్రోసివేయరాదు. ఉత్తరము లిపుడు సముద్రముమీద వారముల తరబడి రాక నిమిషమున వచ్చును. అయినను నిరీక్షణము తఱుగలేదు, ఏలనన ఆలస్యము తపాలాలో లేదు, ధనములో నున్నది. ఒక శాఖయందు భృతి పొందు స్థానములు పరిమితములు. మొదట పిలువబడినవారు రామని చెప్పినగాని పిమ్మటివారిని పిలుచుటకు వీలుపడదు. అమెరికాలోని పెక్కు విశ్వవిద్యాలయములు తమలో చేసికొన్న కట్టుబాటు ప్రకారము, ధనసహాయముతో కూడిన పిలుపునకు ఏప్రిలు 15వ తేదీకి ముందే జవాబీయుమని విద్యార్థిని నిర్బంధింపరాదు. ఈ గడువు విద్యార్థికి రక్షణము. కాని నిశ్చయము చేసికొన్న పిమ్మటగూడ గౌరవముకొఱకు నాలుగు పిలుపులు చేత పట్టుకొని కూర్చుండువాడు, మఱియొక యూర మఱియొక యింట దీపము పెట్టుకొని కాచియున్న వానికి ద్రోహము చేయుచున్నాడు.

సాధారణముగా మాస్టరు పట్టపు చదువునకు విద్యార్థియే వ్యయము భరింపవలెను. విజ్ఞానశాస్త్రములలో డాక్టరు పట్టమునకు విశ్వవిద్యాలయమే ఫీజు మాన్పి భృతి యిచ్చుట పరిపాటి. ఆ భృతి దానము కాదు. వారమున కిరువది గంటల వఱకు చేయు పనికి కూలి. వీసాకొఱకు మొదటియేటి వ్యయమునకు సరిపడు ధన మున్నదని చూపవలెను. ఆ కాగితము చూపుటకే మన జిల్లాలలో నెన్ని పొలములు తాకట్టు పడుచున్నవో బ్యాంకుల గడప త్రొక్కిన ప్రతి తండ్రికిని తెలియును. పేరును చూచి మురియు మనము ఈ నాలుగు ప్రశ్నల నడుగుటకు సిగ్గుపడుచున్నాము. కట్నమును గూర్చి బేరమాడుటకు లేని సిగ్గు, చదువు వెలను విచారించుట కేల?

వారము గడచినది. తండ్రీకూతుం డ్రిద్దఱును, నాయనమ్మయు మఱల వచ్చిరి. మే మీ కథలు చెప్పి, ఎటు పొమ్మనియు చెప్పక, ఆ నాలుగు ప్రశ్నలను ఒక కాగితముమీద వ్రాసి బాలిక కిచ్చితిమి. ఆమె దానిని చదువుకొని, మొదటిసారి నోరు తెఱచి, "నాన్నా, పొలము పోయిన పిమ్మట నాకు చదువు రాకున్నను నేను తిరిగి రాలేను. అప్పుడు నేను చదువుకొఱకు కాక పొలముకొఱకు చదువవలెను," అనెను. తండ్రి చాలసేపు మాటాడలేదు. పిదప, "నీవు భయపడుచున్నా వనుకొంటిని గాని, లెక్క వేయుచున్నా వనుకొనలేదమ్మా," అనెను.

ఆ రాత్రియే ఆమె రెండవ విశ్వవిద్యాలయమునకు వ్రాసి, భృతి యెన్నియేండ్లకు సాగును, ఏ కారణమున నాగును, వేసవి నెలలలో నేమి యిత్తురు అని యడిగెను. వారు నాలుగు దినములలో స్పష్టముగా జవాబు వ్రాసిరి: పని తృప్తికరముగా నున్నంతవఱకు అయిదేండ్లు, ఏటేట తిరిగి మంజూరు, వేసవి భృతికి మాత్రము హామీ లేదు. ఆమె యొప్పుకొన్న దినముననే మొదటిదానికి రానని వ్రాసెను. మూడవదానికిగూడ, జవాబునకు కాచియుండకయే, తన దరఖాస్తును ఉపసంహరించుకొనుచున్నట్లు తెలియజేసెను. పొలము నిలిచినది. ప్రయాణపు ఖర్చుమాత్రము కొఱతపడెను.

ఆ కొఱత చిన్నదే. ఒక్కొక్క యూరిలో పదిమంది గృహస్థులు పెండ్లిపందిళ్ల వ్యయములో నూటికొక రూపాయి తీసి నిలువచేసినచో తీరునట్టిది. సుబ్బారావునకు ఆసరాయైనది కాకినాడలోని యొక ధర్మసంస్థ. రామానుజమునకు ఒక విశ్వవిద్యాలయము. అంబేడ్కరునకు ఒక సంస్థానాధీశుడు. ఆనందీబాయికి ముఖమెఱుగని యొక విదేశవనిత. సంస్థానములు పోయినవి. ధర్మసంస్థలు స్థాపించుట మన చేతిలోనే యున్నది. అట్టి నిధి నేర్పఱచు వారికి మా విన్నప మొకటే: ఇచ్చునది కొంచెమైనను ఏ నియమమును పెట్టక, ఎన్నాళ్లకో ముందే చెప్పి, ఇంటనుండు వారి వంతు వేఱుగా లెక్క వేసి యిండు.

నాయనమ్మ ప్రశ్నకు జవాబు ఆ యుత్తరములలో నెందును లేదు. ఏటేట మిగిల్చు సొమ్ములో మొదటి భాగము రెండేండ్ల కొకసారి యింటికి వచ్చుటకే యుంచెదనని మనుమరాలు మాట యిచ్చెను. ముసలామె యా మాటను కాగితముమీద వ్రాయించి పెట్టెలో దాచుకొనెను.