వినియోగ ధ్రువపత్రం: జంషెడ్‌పూర్‌లో సేవా గ్రాంట్ల లెక్కల చరిత్ర

ప్రభుత్వ గ్రాంటు తీసుకున్న సేవాసంస్థ, ఆ డబ్బును మంజూరైన పనికే ఖర్చుపెట్టామని లెక్కలతో సహా రాసి, సంతకం చేసి తిరిగి ప్రభుత్వానికి ఇచ్చే పత్రమే వినియోగ ధ్రువపత్రం. ఆఫీసుల్లో ఎవరూ ఇంత పొడుగు పేరుతో పిలవరు, ‘యూసీ’ (యుటిలైజేషన్ సర్టిఫికెట్) అంటారు. జంషెడ్‌పూర్ సంస్థలకు వచ్చే హిందీ ఉత్తరాల్లో దీని పేరు ‘ఉపయోగితా ప్రమాణ్ పత్ర్’. వృద్ధాశ్రమం కానీ, దివ్యాంగుల బడి కానీ, తాగుడు మాన్పించే కేంద్రం కానీ, గ్రాంటు మీద నడిచేది ఏదైనా ఈ కాగితం ఢిల్లీకో రాంచీకో చేరితే తప్ప తరువాతి విడత పూర్తిగా చేతికి రాదు.

జంషెడ్‌పూర్‌లో ఈ చరిత్రకు ఒక ప్రత్యేకత ఉంది. రూపాయి ఎటు పోయిందని అడిగే సర్కారు లెక్క, ఆ రూపాయితో ఎవరికేం ఒరిగిందని అడిగిన కంపెనీ లెక్క ఒకే ఊళ్లో పక్కపక్కన పెరిగాయి. చాలాకాలం ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు.

మూలాలు

గ్రాంటుకూ తనిఖీకీ ముడి పడింది 1854లో. ఆ ఏడాది చార్లెస్ వుడ్ పంపిన విద్యా ఉత్తర్వు ప్రైవేటు బడులకు సర్కారు సాయం చేయవచ్చంది. అయితే ఇన్‌స్పెక్టరు వచ్చి చూడడానికి ఒప్పుకోవాలని షరతు పెట్టింది. 1860లో సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. సర్వసభ్య సమావేశం జరిగిన 14 రోజుల్లోగా పాలకవర్గం జాబితాను రిజిస్ట్రారుకు పంపాలని అది చెప్పింది. డబ్బు ఎలా ఖర్చయిందన్న జోలికి మాత్రం పోలేదు. ఉత్తరాంధ్ర నుంచి ఉక్కు పనికి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లతో సహా ఊళ్లో ఏ భాషవాళ్లు సంఘం పెట్టుకున్నా చాలామటుకు రిజిస్టరు చేసేది ఈ పాత చట్టం కిందే.

1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడింది. సాక్చి అనే పల్లె 1919లో జంషెడ్‌పూర్ అయింది. ఆసుపత్రి, బడి, మంచినీళ్లు అన్నీ కంపెనీయే చూసుకునేది. కార్మికుల సంక్షేమం ఎలా ఉండాలో చెప్పమని లండన్ నుంచి సిడ్నీ, బియాట్రిస్ వెబ్ దంపతుల సలహా కూడా తెప్పించుకుంది. అలాంటి ఊళ్లో సర్కారు గ్రాంటుకు మొదట్లో పెద్దగా పని లేకపోయింది. కంపెనీ క్వార్టర్లు దాటి బస్తీలు పెరిగాక, చుట్టుపక్కల సంతాలీ, హో, భూమిజ్ పల్లెల్లో స్వచ్ఛంద సంస్థలు పని మొదలుపెట్టాక గానీ ఆ అవసరం రాలేదు.

దుర్గాబాయి బోర్డు

స్వతంత్ర భారతంలో సేవాసంస్థలకు గ్రాంటులిచ్చే పద్ధతికి రూపమిచ్చింది తెలుగు ఆడపడుచు. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు దుర్గాబాయి దేశ్‌ముఖ్ దానికి తొలి అధ్యక్షురాలు. మొదటి పంచవర్ష ప్రణాళిక స్వచ్ఛంద సంస్థల సాయానికి 4 కోట్ల రూపాయలు కేటాయించింది. ఆ డబ్బు సంస్థలకు పంచడం బోర్డు పని. ఆంధ్ర మహిళా సభను స్వయంగా నడిపిన మనిషి కాబట్టి, చందాలు పోగుచేసి జీతాలిచ్చే సంస్థ కష్టమేమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. లెక్క అడగడానికి మొహమాటపడే మనిషీ కాదు. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో, బాలికా వాలంటీరుగా, టికెట్టు లేదని సాక్షాత్తూ నెహ్రూనే ఖద్దరు ప్రదర్శన గుమ్మంలో ఆపేసిన పిల్ల ఈవిడే. బోర్డు ఏర్పడిన ఏడాదే జనవరిలో ఆమె పెళ్లాడిన చింతామణ్ దేశ్‌ముఖ్ అప్పటి కేంద్ర ఆర్థికమంత్రి. ఖజానా తాళంచెవీ గ్రాంటు సంచీ ఒకే ఇంట్లో ఉన్నాయన్నమాట.

సర్కారు ఆర్థిక నిబంధనలు 1947లోనే జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ పేరుతో ఒక చోటికి చేరాయి, 1963లో వాటిని సవరించి మళ్లీ ఇచ్చారు. 1971 నాటి కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) చట్టంలోని 14వ సెక్షన్ ఇంకో మెట్టు ఎక్కింది. ఇప్పుడు అమల్లో ఉన్న రూపం ప్రకారం, ఏడాదికి 25 లక్షలకు తగ్గని గ్రాంటు పొంది, మొత్తం ఖర్చులో 75 శాతానికి తగ్గకుండా ఆ గ్రాంటుతోనే నడిచే సంస్థ లెక్కలను కాగ్ నేరుగా చూస్తుంది.

కంపెనీ అడిగిన ప్రశ్న

1979లో జె.ఆర్.డి. టాటా ఛైర్మన్‌గా ఉండగా టాటా స్టీల్ ఒక వింత పని చేసింది. మన దేశంలో అంతకుముందు ఏ కంపెనీ చేయనిది. కార్మికుల పట్ల, వినియోగదారుల పట్ల, వాటాదారుల పట్ల, ఊరి పట్ల తన బాధ్యత ఎంతవరకు నెరవేర్చిందో చూసి చెప్పమని బయటివాళ్లతో కమిటీ వేయించుకుంది. బొంబాయి హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి ఎస్.పి. కొత్వాల్, రాజనీతి శాస్త్రవేత్త రజనీ కొఠారీ, మాజీ ఎంపీ పి.జి. మావలంకర్ అందులో సభ్యులు. 1980లో నివేదిక వచ్చింది. దీనికి ‘సోషల్ ఆడిట్’ అని పేరు పెట్టారు. చుట్టుపక్కల పల్లెల్లో పనిచేయడానికి టాటా స్టీల్ గ్రామీణాభివృద్ధి సంస్థ పుట్టిందీ 1979లోనే.

కమిటీని వేసిందీ, ఖర్చు భరించిందీ కంపెనీయే కాబట్టి దీన్ని పూర్తి నిష్పాక్షిక తనిఖీ అనలేం. అయినా అడిగిన ప్రశ్న కొత్తది. అప్పటి యూసీలో ఆ ప్రశ్నకు గడి లేదు.

చాయిబాసా దెబ్బ

1996 జనవరిలో జంషెడ్‌పూర్ పొరుగు పట్టణం చాయిబాసాలో పశుసంవర్ధక శాఖ బిల్లులు తనిఖీ చేయగా దాణా కుంభకోణం బయటపడింది. అది గ్రాంటుల వ్యవహారం కాదు, ట్రెజరీ నుంచి దొంగ బిల్లులతో డబ్బు లాగేసిన కేసు. కానీ ఈ ప్రాంతంలో కాగితం మీద నమ్మకం పోయింది అప్పుడే. బిల్లులో పశువులను మోసిన లారీలని రాసిన నంబర్లు తీరా చూస్తే కొన్ని స్కూటర్లవి. ఓచరుంది, ముద్ర ఉంది, సంతకముంది, పశువే లేదు. 2000 నవంబరు 15న బీహార్ నుంచి జార్ఖండ్ విడిపోయాక ఈ జిల్లాలన్నీ కొత్త రాష్ట్రంలోకి వచ్చాయి. బీహార్ ఆర్థిక నిబంధనలూ వాటి వెంటే వచ్చాయి.

యూసీల బకాయిల రోగం మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ తగ్గలేదు. 2024 మార్చి నెలాఖరుకు ఒక్క బీహార్‌లోనే 70 వేల కోట్ల రూపాయలకు పైగా సొమ్ముకు యూసీలు రావాలని కాగ్ లెక్క తేల్చింది. అందులో ఎక్కువ భాగం ప్రభుత్వ శాఖలు, స్థానిక సంస్థలు ఇవ్వాల్సినవే. చిన్న సేవాసంస్థను నెల ఆలస్యానికి నిలదీసే యంత్రాంగం సొంత బకాయి దగ్గరకొచ్చేసరికి నిదానంగా ఉంటుంది.

ఫారం మారిన తీరు

జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2005 నాటి రూపంలో యూసీకి నమూనా అయిన 19-ఎ ఫారం దాదాపు ఒకే పొడుగాటి వాక్యం. ఇంత మంజూరైంది, పోయినేడు ఇంత మిగిలింది, ఫలానా పనికి ఇంత ఖర్చయింది, మిగిలింది తిరిగి కట్టాం లేదా వచ్చే గ్రాంటులో సర్దుకుంటాం అంటూ మధ్యలో ఖాళీలు. 2017 నిబంధనల్లోని 12-ఎ ఫారం దాన్ని పట్టిక చేసింది. ప్రారంభ నిల్వ, దాని మీద వడ్డీ, ప్రభుత్వానికి తిరిగి కట్టిన వడ్డీ, ఏడాదిలో అందిన గ్రాంటు, ఖర్చు, ముగింపు నిల్వ అని వరసగా గడులుంటాయి. ఉదాహరణకు 10 లక్షల గ్రాంటు మూడు నెలలు ఖాతాలో కదలకుండా ఉండి 3 శాతం చొప్పున 7,500 వడ్డీ వస్తే, అది సంస్థ సొమ్ము కాదు. దేశ సంచిత నిధికి జమ కావాలి. మార్చి ఆఖరి వారంలో గ్రాంటు వచ్చిపడే అలవాటున్న చోట ఈ వడ్డీ గడి ఖాళీగా ఉండడం అరుదు.

పట్టిక కింద ధ్రువీకరణలూ పెరిగాయి. ఆస్తుల రిజిస్టరు ఉందని, లబ్ధి అందాల్సినవాళ్లకే అందిందని, పని పరిమాణం మార్గదర్శకాల ప్రకారమే ఉందని సంస్థ అధిపతి, ఆర్థిక బాధ్యుడు సంతకం చేయాలి. ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోగా ఇది చేరాలి. ఏటా గ్రాంటు పొందే సంస్థకు కొత్త ఏడాది మొత్తంలో 75 శాతం దాకా విడుదల చేయవచ్చు. మిగతాది కావాలంటే పోయిన ఏడాది యూసీ, ఆడిటైన లెక్కలు ఉండాలి. టీచరమ్మకు, ఆయాకు జీతం ఆలస్యమయ్యేది సాధారణంగా ఆ మిగతా పాతిక శాతం దగ్గరే.

ఇదే కాలంలో కాగితం కంప్యూటరెక్కింది. 2008-09లో ప్రయోగాత్మకంగా మొదలైన ప్రణాళికా పథకాల పర్యవేక్షణ వ్యవస్థే నేటి పీఎఫ్‌ఎంఎస్ (ప్రభుత్వ ఆర్థిక నిర్వహణ వ్యవస్థ). దాంతో పైనుంచి కింది ఖాతా దాకా డబ్బు జాడ తెర మీద కనిపిస్తోంది. నీతి ఆయోగ్ వారి ఎన్జీవో దర్పణ్ నంబరు లేనిదే కేంద్ర గ్రాంటుకు దరఖాస్తే చెల్లదు. దేశంలోని స్వచ్ఛంద సంస్థల్లో దాదాపు పదో వంతే ఏటా రిటర్నులు ఇస్తున్నాయని సీబీఐ లెక్కతీసిన కేసులో 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఆడిట్‌కు ఆదేశించింది. ప్రభుత్వ సొమ్ముతో గణనీయంగా నడిచే స్వచ్ఛంద సంస్థలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయని 2019 సెప్టెంబరులో తీర్పు చెప్పింది.

గ్రామసభ దాకా

జంషెడ్‌పూర్‌లో కంపెనీ ఒకప్పుడు వాడిన ‘సోషల్ ఆడిట్’ అనే మాట పాతికేళ్ల తరువాత వేరే దారిన తిరిగొచ్చింది. 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ ఆ తనిఖీ అధికారాన్ని గ్రామసభకిచ్చింది. దాన్ని ముందుగా పెద్దఎత్తున చేసి చూపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. 2006లో మొదలుపెట్టి 2009లో దానికి ప్రత్యేక సొసైటీనే ఏర్పాటు చేసింది. మన మండలాల్లో ‘ప్రజావేదిక’ అన్నది జార్ఖండ్‌లో ‘జన్ సున్‌వాయీ’. మస్టరు రోలు (కూలీల హాజరు పట్టీ) పైకి చదువుతుంటే, తన పేరు మీద రాసిన రోజులు తాను పనికే రాలేదని కూలీ లేచి చెప్పే చోటు అది.

జిల్లాలోని ఘాట్‌శిల, పోట్కా బ్లాకుల పల్లెల్లో ఇలాంటి విచారణలకు చట్టబద్ధమైన గ్రామసభ ఉంది. జంషెడ్‌పూర్ నడిబొడ్డు మాత్రం ఎన్నికైన మున్సిపాలిటీ లేకుండా నోటిఫైడ్ ఏరియా కమిటీ పాలనలోనే ఉంటూ వచ్చింది. అక్కడి బస్తీలో నడిచే సేవాకేంద్రం యూసీ సంస్థ కార్యదర్శి సంతకంతో, ఆడిటరు ముద్రతో జిల్లా కలెక్టరేటు మీదుగా పైకి పోతుంది. దాన్ని బస్తీలో పైకి చదివే సభ లేదు.