చేర్యాల పటం నుంచి వెండితెర దాకా

అల్వాల్, తూంకుంట దాటి షామీర్‌పేట చెరువు పక్కగా సాగే రాజీవ్ రహదారి మా వైపు వాళ్లకు ఇప్పటికీ కరీంనగర్ రోడ్డే. నల్సార్ విద్యార్థులు, జీనోమ్ వ్యాలీకి డ్యూటీకి పోయేవాళ్లు, కూరగాయల ఆటోలు పొద్దున లేస్తే ఆ రోడ్డు మీదనే. తెలంగాణ ఆధునిక చిత్రకళలో పెద్ద పేర్లు కొన్ని ఈ దారికి అటూ ఇటూ ఉన్న ఊళ్లవేనన్న సంగతి మాత్రం చాలామందికి తట్టదు. షామీర్‌పేట దాటి పోతే గజ్వేల్ పక్కన ప్రజ్ఞాపూర్ వస్తుంది. సినిమా దర్శకుడు బి. నర్సింగరావు 1946లో అక్కడే పుట్టారు. దుద్దెడ దగ్గర కుడికి మళ్లితే పటాలు గీసే నకాశీల చేర్యాల. తిన్నగా పోతే కాపు రాజయ్య సిద్దిపేట. ఇంకా ముందుకు, ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో పాకాల తిరుమలరెడ్డి (పి.టి. రెడ్డి) పుట్టిన అన్నవరం, తోట వైకుంఠం పుట్టిన బూరుగుపల్లి. వీళ్ల పనిని తరాల వరుసలో, గుడ్డ మీద గీసిన పటం మొదలుకొని సినిమా దాకా, ఒక్కచోట పెట్టి చూపిస్తే అది ఈ నేల చరిత్రను ఏ పుస్తకానికీ తీసిపోకుండా చెబుతుందని నా గట్టి నమ్మకం.

ఒక ఉమ్మడి ప్రదర్శన చరిత్రనే మలుపు తిప్పగలదని చెప్పడానికి చైనాను మించిన ఉదాహరణ దొరకదు. 1979 సెప్టెంబరు 27న బీజింగ్‌లో ‘స్టార్స్’ అనే యువ బృందం తమ బొమ్మలను, చెక్క శిల్పాలను జాతీయ కళాప్రదర్శనశాల బయట కంచెకు వేలాడదీసింది. లోపల చోటు ఇచ్చేవాళ్లు లేరు కనుక బయటే పెట్టారు. పోలీసులు వాటిని తీయించేశారు. అక్టోబరు 1న ఆ కళాకారులు వీధుల్లో ఊరేగింపు తీశారు. మరుసటి ఏడాదే అదే భవనంలో వాళ్లకు చోటు దొరికింది. కంచె ప్రదర్శన జరిగిన దాదాపు పదేళ్లకు, 1989 ఫిబ్రవరి 5న, అదే భవనంలో 186 మంది కళాకారులతో ‘చైనా అవాంగార్డ్’ ప్రదర్శన మొదలైంది. మొదటి రోజే షియావ్ లూ అనే యువతి తన కళాఖండంపై తానే పిస్తోలుతో కాల్చింది. పోలీసులు ప్రదర్శన మూసేశారు. కొద్ది రోజులకు మళ్లీ తెరిచారు. అంతకు రెండేళ్ల ముందే హువాంగ్ యోంగ్ పింగ్ చైనా చిత్రకళా చరిత్ర పుస్తకాన్ని, పాశ్చాత్య ఆధునిక చిత్రకళా చరిత్ర పుస్తకాన్ని కలిపి రెండు నిమిషాలు వాషింగ్ మెషీన్‌లో ఉతికి, మిగిలిన కాగితపు ముద్దను కళాఖండంగా పెట్టాడు. పాతదాన్ని అలా కడిగేస్తే గానీ తమకు చోటు ఉండదని ఆ తరం అనుకుంది. సాంస్కృతిక విప్లవం చూసి పెరిగినవాళ్ల కోపం అది.

వాళ్లలో షూ బింగ్ దారి కొంచెం వేరు. ఆయన ‘ఆకాశ గ్రంథం’ కోసం దాదాపు 4,000 అక్షరాలను చెక్క దిమ్మెల మీద చేత్తో చెక్కి, అచ్చు వేసి, పొడవాటి చుట్టలుగా పైకప్పు నుంచి వేలాడదీశాడు. చూడ్డానికి అచ్చం చైనా లిపే. అందులో ఒక్క అక్షరానికీ అర్థం లేదు. మహా పండితుడూ నిరక్షరాస్యుడూ దాని ముందు ఒకటే.

దాని గురించి తెలిసినప్పటి నుంచీ నాకు చేర్యాల పటమే గుర్తొస్తుంది. అదీ పొడవాటి చుట్టే. కానీ బడి ముఖం చూడనివాళ్లు కూడా తేలిగ్గా చదవగలిగే చుట్ట.

పటం తయారీ దగ్గరగా చూడదగ్గ పని. ఖాదీ గుడ్డకు గంజి, సుద్ద, ఉడికించి నూరిన చింతగింజల జిగురు, తుమ్మబంక కలిపి పూత వేస్తారు. ఆరాక మళ్లీ పూత, దాని మీద ఇంకోటి. మూడో పూత ఆరేసరికి గుడ్డ గట్టిపడి, గీత పాకకుండా నిలిచే నున్నదనం వస్తుంది. ఉడత వెంట్రుకల కుంచెతో బొమ్మ గీస్తారు. వెనక నేలంతా ఎర్రటి ఎరుపు. మూడడుగుల వెడల్పు, నలభై అడుగులకు పైబడిన పొడవు, అడ్డంగా గళ్లు గళ్లుగా కథ. పటం కట్టి కథ చెప్పేవాడు ఒక్కో గడి విప్పుకుంటూ పోతుంటే ఊరు రాత్రుళ్లు కూర్చుని వినేది. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెప్పేవారు. మాదిగలకు డక్కలివారు జాంబ పురాణం, చాకలివారికి మడేలు పురాణం, గౌడులకు గౌడ పురాణం. ఏ కులానికి ఆ కులం తన పుట్టుకను, తన పనిముట్టును, తన దేవుణ్ని గుడ్డ మీద చూసుకునేది. కల్లు గీసేవాడి ముంత, మగ్గం, చాకిరేవు బండ ఈ పటాల్లో దేవతలతో సమానంగా కూర్చున్నాయి. తర్వాత వచ్చిన ఆధునికులు పల్లె మనిషిని కాన్వాస్ నడుమకు తెచ్చారని మనం మెచ్చుకుంటాం. ఆ పని నకాశీలు ఎప్పుడో చేసి పెట్టారు.

ఈ పునాది మీదే మొదటి తరం నిలబడింది. 1915లో పుట్టిన పి.టి. రెడ్డి బొంబాయి జె.జె. స్కూల్‌లో చదివి, 1941లోనే అక్కడ మరికొందరు యువకులతో కలిసి ఆధునిక చిత్రాల ప్రదర్శన పెట్టారు. బొంబాయి ప్రోగ్రెసివ్ బృందం 1947లో గానీ పుట్టలేదు. ఈ ఆరేళ్ల తేడా మన కళాచరిత్రలో తగినంత గట్టిగా వినిపించలేదన్నది నా బాధ. నూనె రంగులు, చెక్క, గ్రాఫిక్ ముద్రలు, తాంత్రిక చిత్రాలు, ఆయన చెయ్యి పెట్టని మాధ్యమం తక్కువ. నారాయణగూడలోని తన ఇల్లు ‘సుధర్మ’నే గ్యాలరీ చేసుకున్నారు. ఆయన భార్య పాకాల యశోదారెడ్డి తెలంగాణ పల్లె నుడికారంతో కథలు రాశారు. ఒకే ఇంట్లో ఒకరు కుంచెతోనూ ఒకరు కలంతోనూ పల్లెను నిలబెట్టిన ముచ్చట అది.

సిద్దిపేటలో కాపు రాజయ్య (1925–2012) డ్రాయింగ్ మాస్టారుగా పనిచేస్తూ, హైదరాబాద్‌కు మకాం మార్చకుండానే, నకాశీ గీతను, రంగును తన బోనాల చిత్రాల్లోకి తెచ్చుకున్నారు.

కొండపల్లి శేషగిరిరావు (1924–2012) సంగతి వేరు. ఓరుగల్లు ప్రాంతం నుంచి వచ్చి, హైదరాబాద్‌లో చదివి, శాంతినికేతన్ వెళ్లి నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్నారు. అదే నందలాల్ 1924లో టాగూర్ వెంట చైనా, జపాన్ తిరిగి వచ్చిన మనిషి. 1937లో శాంతినికేతన్‌లో చీనా భవనం వెలసింది. 1939, 40లలో చైనా మహా చిత్రకారుడు షూ బేహాంగ్ అక్కడే ఉండి బొమ్మలు వేశాడు. సిరా, నీటి తడి, ఖాళీగా వదిలేసిన కాగితం, వీటితో కొండనూ మబ్బునూ చూపే తూర్పు దేశాల పద్ధతి శాంతినికేతన్ గాలిలో కలిసి ఉంది. ఆ గాలి పీల్చిన గురువు నేర్పిన చెయ్యి మన దగ్గర తెలుగుతల్లిని, పోతనను గీసింది. తెలంగాణ బొమ్మకూ చైనా కుంచెకూ మధ్య ఒక సన్నని దారం ఉందంటే కారణం ఇదే.

తర్వాతి తరం బరోడా వైపు నడిచింది. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మాగౌడ్, 1942లో పుట్టిన వైకుంఠం, ఇద్దరూ హైదరాబాద్ ఫైన్ ఆర్ట్స్ కళాశాలలో చదివి, బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర చేరారు. లక్ష్మాగౌడ్‌ను పట్టుకున్నది ఎచింగ్. లోహపు రేకుకు మైనం పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచితే గీసినచోట మాత్రమే రేకు తినేసుకుపోతుంది. ఆ గాడిలో సిరా నింపి, పైన తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్సులో నొక్కితే బొమ్మ వస్తుంది. ఓపిక, కండ, కన్ను మూడూ కావాలి. ఆయన గీతల్లో మేకలు, తుప్పలు, ఆడా మగా శరీరాలు ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. పల్లె కోరికను సిగ్గుపడకుండా చెప్పిన మొదటి తెలుగు గీత అది అని నేనంటాను. తర్వాత ఆయన మట్టి పట్టారు, కంచు పోశారు. 2016లో పద్మశ్రీ వచ్చింది.

వైకుంఠం చిన్నప్పుడు ఊళ్లు తిరిగే నాటకాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్లను చూసి మైమరచిపోయారట. ఆ నిండు బొట్టు, ఆ చీర ఎరుపు అక్కడివి. ఇవాళ ఆయన స్త్రీమూర్తులు క్యాలెండర్ల మీదా హోటల్ గోడల మీదా కనిపించి కనిపించి మనకు అలవాటైపోయాయి. అసలు బొమ్మ ముందు నిలబడితే ఆ గీత ఎంత బరువైనదో తెలుస్తుంది.

ఇక్కడే ప్రజ్ఞాపూర్ మళ్లీ కథలోకి వస్తుంది. నర్సింగరావు కూడా హైదరాబాద్ ఫైన్ ఆర్ట్స్ విద్యార్థే. 1983లో ‘రంగుల కల’ తీసి, అందులో నగరంలో నలిగే చిత్రకారుడి పాత్రను తానే వేశారు. ‘దాసి’కి కళాదర్శకుడిగా వైకుంఠాన్ని పిలిచారు. గడీ గోడ, దీపం, దాసి కోక, గిన్నె, ప్రతిదీ చిత్రకారుడి కంటితో పేర్చిన సినిమా అది. కళాదర్శకత్వానికి వైకుంఠం, ఛాయాగ్రహణానికి ఎ.కె. బీర్, నటనకు అర్చన జాతీయ అవార్డులు అందుకున్నారు. నకాశీ పటంలో గడి గడికీ నడిచిన కథ ఇక్కడ ఫ్రేము ఫ్రేముకూ నడిచింది. చైనా యువకుల్లా వీళ్లెవరూ తాతల పనిని ఉతికి పారేయలేదు. కాన్వాస్ మీద, రేకు మీద, ఫిల్ము మీద దాన్నే మళ్లీ మళ్లీ తిరగరాశారు.

వీళ్లందరి పనినీ ఒక్కచోట చూపే ప్రదర్శనను మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో పెట్టవచ్చు, పెడితే సంతోషమే. కానీ ముందు షామీర్‌పేటలోనో మేడ్చల్‌లోనో పెట్టాలని నా కోరిక. నగరంలో గ్యాలరీలు చాలావరకు పడమటి వైపే చేరాయి. చేర్యాల నుంచి తరలివచ్చిన నకాశీ కుటుంబం మన మేడ్చల్ జిల్లా బోడుప్పల్‌లోనే ఉండి ఇప్పటికీ పటాలు గీస్తోంది, రంపపు పొట్టు, చింతగింజల ముద్దతో మాస్కులు చేస్తోంది. పెద్ద హాలు, మంచి వెలుతురు, బడిపిల్లలకు ఉచిత ప్రవేశం ఉంటే చాలు. మొదటి గదిలో పటాన్ని అద్దం వెనక బిగించి పెట్టకూడదు. పటం కథలు చెప్పే కాకిపడగలవారినో కూనపులివారినో పిలిపించి, పటం కట్టించి, గడి గడికీ కథ చెప్పించాలి. పటం గీసే చేతులు ఇంకా కొన్ని మిగిలాయి. చెప్పే గొంతులు ఏటికేడు తగ్గుతున్నాయి కనుక ఈ పని తొందరగా జరగాలి.